దుమ్ము ఒకరికి, జీతం ఇంకొకరికి

టన్నులు, టన్నులు! మార్చి దగ్గర పడిందంటే మా బొగ్గు బెల్టులో ఇంకో మాట వినపడదు. టార్గెట్ ఎంత, తీసింది ఎంత, నిరుటికన్నా ఎన్ని ఎక్కువ? 2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నులు అందుకుందని పేపర్లన్నీ రాశాయి. సంతోషమే. ఆ బొగ్గు కూడు పెట్టే పిల్లల్ని పెంచినవాణ్ణి, కంపెనీ బాగుపడితే ఏడ్చే రకం కాదు. నా గులుగుడు వేరే. ఆ టన్నుల పక్కనే, అదే పేజీలో, ఈ ఏడాది ఎన్ని ఎకరాలు తవ్వారు, ఎన్ని గడపలు లేచిపోయాయి, ఎన్ని బావులు ఎండాయి అని ఇంకో నాలుగు అంకెలు వేస్తే ఎవరి సొమ్ము పోయింది?

మా రోజుల్లో బొగ్గంటే బాయి. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన దగ్గర్నుంచి మా తరం దాకా బొగ్గు తీయడమంటే మనిషి భూమిలోకి దిగి, తట్టా చెమ్మస్ పట్టి, టబ్బు నింపి పైకి పంపడమే. ఎక్కువ బొగ్గు కావాలంటే ఎక్కువ మంది దిగాలి. అందుకే కొత్త బాయి పడుతోందని తెలిస్తే చుట్టుపక్కల పల్లెల్లో కండ ఉన్న ప్రతి పోరడికీ ఆశ. 1990-91 నాటికి సింగరేణిలో లక్షా పది వేలకు పైనే ఉండేవాళ్లం. అంతమందిమి కలిసి ఏడాదంతా తీసింది 2 కోట్ల టన్నులు కూడా లేదు. ఇవాళ పర్మినెంటు వాళ్లు 40 వేల చిల్లర. తీసేది దానికి మూడు నాలుగింతలు. చదువుకున్నవాళ్లు దీన్ని ఉత్పాదకత అని మెచ్చుకుంటారు. మిగతా డెబ్భై వేల ఇళ్లలో ఇప్పుడు పొయ్యి దేనితో వెలుగుతోందని నాబోటివాడు అడిగితే, "పెద్దాయనా, కాలం మారింది" అంటారు. కాలం మారిందని నాకు తెలియదా? మోకాళ్లే రోజూ చెబుతున్నాయి.

బాయిలోకి దిగిన కొత్తలో మా సర్దార్ బొగ్గు ఎత్తడం కన్నా ముందు వినడం నేర్పాడు. ఫేస్ దగ్గరికి పోగానే పొడుగాటి కర్రతో పైకప్పును కొట్టాలి. టంగుమని గట్టి మోత వస్తే పని మొదలుపెట్టుకో. డొల్లుగా మోగిందా, అడుగు ముందుకు వేయకు. టింబర్‌మన్ వచ్చి దుంగ నిలబెట్టేదాకా టబ్బు ఖాళీగా ఉన్నా సరే, ఓవర్‌మన్ అరిచినా సరే. అందేంత ఎత్తులో ఉంటే ఒక అరచెయ్యి కప్పుకు ఆనించి, రెండో చేత్తో కొట్టాలి. చెవి మోసం చేసినా వేళ్లు చేయవు. లోపల పొర విడిపోయి ఉంటే సన్నటి అదురు వేళ్ల కొసల్లో తెలుస్తుంది. అట్లా విని, తడిమి, బతికి బయటపడ్డాం. ప్రాణం నాది, కర్ర నా చేతిలో ఉంది, ఇక్కడ పని చేయనని మొండికేసే హక్కు కూడా ఎంతోకొంత నాదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

అట్లాగని మా రోజులు బంగారమని నేనంటే మా ఆవిడే ముందు నవ్వుతుంది. వేళకాని వేళ సైరన్ మోగితే చేతిలో ఉన్న పని చేతిలోనే ఉంచుకుని బాయి గేటు దాకా పరుగెత్తిన ఆడవాళ్లలో ఆమె ఒకతె. పిండి చేతులతో, పసిపిల్లను చంకనేసుకుని, చెప్పులు లేకుండా. ఎవరి పేరు బయటికొస్తుందోనని గేటు ముందు నిలబడే ఆ అరగంట ఏ లెక్కలోకీ ఎక్కదు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో నంబరు ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. అది పేపర్లకెక్కిన పెద్ద ప్రమాదం. కప్పు కూలి ఒకరూ ఇద్దరూ పోయిన రోజులకు లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఇక ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని, రిటైరయ్యాక నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడిపోయే మనుషులు మా కాలనీల్లో ఏ వాడకు పోయినా కనపడతారు. సారా దుకాణాలు, జీతం రోజు గేటు బయట కాపు కాసే వడ్డీవాళ్లు, రౌడీలు, అదంతా వేరే పురాణం.

సరే, నరకమే అనుకోండి. కానీ ఆ నరకంలోకి దిగినవాడు జీతానికి దిగాడు. దుమ్ము మింగినవాడికే నెలాఖరున పే స్లిప్పు వచ్చేది. వాడికి దవాఖానా ఉంది, క్వార్టరు ఉంది, ప్రమాదంలో పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఉంది. న్యాయం అనను, కనీసం ఒక లెక్క ఉండేది. మా నెత్తి మీద, రెండు మూడు వందల మీటర్ల పైన, ఊరు తన మానాన తాను ఉండేది. చెరువు నిండేది, తాళ్లు గీసేవాళ్లు, పోచమ్మకు బోనాలెత్తేవాళ్లు. బొగ్గు తీసిన ఖాళీలోకి గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో కొట్టి నింపేవారు, పైన నేల కుంగకుండా. అన్నిచోట్లా నింపలేదు. నింపనిచోట చేలు బీటలు వారాయి, పల్లపు మడులు కుంగి నీళ్లు నిలిచాయి, రైతులు తిట్టారు. నిజమే. అయినా ఊరు ఊరుగా మిగిలింది.

1970ల నడిమిలో రామగుండంలో ఓపెన్‌కాస్టు వచ్చింది. మొదట మేమంతా తమాషాగా చూడ్డానికి పోయాం. ఆకాశం కింద బొగ్గు తవ్వడం! కప్పు లేదు, కూలే భయం లేదు, గ్యాస్ లేదు. "అదృష్టవంతులురా" అనుకున్నాం. ఆ యంత్రాల ముందు మనిషి బొమ్మలా ఉండేవాడు. ఇప్పుడు సింగరేణి తీసే బొగ్గులో పదింట తొమ్మిది వంతులకు పైగా ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది.

దాని పని తీరు తెలియనివాళ్లకు చెబుతాను. బొగ్గు పొర అడుగునెక్కడో ఉంటుంది. దాని మీద ఉన్నదంతా, అంటే చెట్టు, చేను, ఇల్లు, గుడి, బడి, వాగు, బండ, అంతా తీసి అవతల పడేయాలి. కంపెనీ భాషలో ఇదంతా ఓబీ. టన్ను బొగ్గు కోసం సగటున ఐదారు క్యూబిక్ మీటర్ల ఓబీ ఎత్తిపోయాలి. ఆ పోసిన మట్టి గుట్టలై నిలబడుతుంది, ఒక్కోటి తొంభై నూరు మీటర్ల ఎత్తు. వాటి మీద మొక్కలు నాటి ఫోటోలు దిగుతారు, కాదనను, కొన్ని బాగానే పచ్చబడ్డాయి. కానీ వానాకాలంలో ఆ గుట్ట జారి బురద ఎవరి మడిలోకి వస్తుందో ఫోటోలో పడదు. ఇటు పక్కన గుంత. అంత లోతు గుంత తవ్వి రాత్రింబవళ్లు పంపులతో నీళ్లు తోడుతుంటే, చుట్టూ ఊళ్ల బావుల్లో ఊటంతా అటే నడుస్తుంది. మూడు తరాలు తోడుకున్న బావి రెండెండాకాలాల్లో అడుగు చూపిస్తుంది. తర్వాత ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు వచ్చే ఊళ్లో ఇక వ్యవసాయం గురించి మాట్లాడటం దండగ.

మధ్యాహ్నం బ్లాస్టింగు. పని చేసేవాళ్లను, పశువులను దూరం తోలి, హూటర్ వేసి, మందు పేలుస్తారు. పేలుడు చోటు చుట్టూ 500 మీటర్లు ప్రమాద మండలమని రూల్సులోనే ఉంది. ఇంటి కింద నేల సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లకు మించి అదరకూడదో గనుల భద్రతా శాఖ ఎప్పుడో లెక్క కట్టి పెట్టింది. ఊళ్లో మీటరు పెడతారు, అదురు పరిమితిలోనే ఉందని కాగితం మీద వస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఇల్లు చూడబోతే దూలం కింద నుంచి కిటికీ దాకా గోడ నెర్రె విచ్చి ఉంటుంది. సత్తుపల్లి జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే. "మట్టి గోడలు, పాతబడ్డాయి, అందుకే పగిలాయి" అని జవాబు. పాతబడినవాణ్ణి నేనూ ఉన్నాను, రోజూ రెండింటికే పగలడం లేదే!

ఇప్పుడు ఇందాకటి మాటకు వస్తాను. ఓపెన్‌కాస్టు పక్క ఊళ్లో దుమ్ము మింగేది ఎవరు? ముసలమ్మ, బడి పిల్ల, బర్రెలు కాసేవాడు, ఉతికిన బట్టలు మళ్లీ ఉతుక్కునే ఇల్లాలు. వీళ్లలో ఒక్కరికీ పే స్లిప్పు లేదు. మట్టి ఎత్తే పనంతా చాలాచోట్ల ప్రైవేటు కాంట్రాక్టర్లది. వాళ్ల డంపర్లు వాళ్లవి, డ్రైవర్లను ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకుంటారు. ఆ డ్రైవర్ పిల్లగాళ్లను తిట్టి లాభం లేదు. పన్నెండు గంటలు స్టీరింగు పట్టుకునే వాళ్లకు మాకున్న దవాఖానా లేదు, క్వార్టరు లేదు, యూనియన్ అంటే భయం. ఊరివాడికి దొరికితే గేటు దగ్గర వాచ్‌మన్ పని, అదీ కాంట్రాక్టే. మా తరంలో చచ్చేవాడికీ బతికేవాడికీ కూడా కంపెనీ రిజిస్టర్లో పేరుండేది. దుమ్ము రిజిస్టర్ దాటి ఊరి మీద పడ్డాక ఊపిరాడనివాడి పేరు ఎక్కడా లేదు. కర్రతో కొట్టి చూసుకోవడానికి వాడి చేతిలో ఏముంది?

"గట్లంటవేందే తాతా, గిప్పుడు ఎన్ని చట్టాలొచ్చినయ్" అని మా మనవడు వాదిస్తాడు. వాడు లా చదువుతున్నాడు, చదవనీ. నిజమే, మా రోజుల్లో 1894 నాటి తెల్లదొరల భూసేకరణ చట్టం ఒక్కటే తెలుసు. నోటీసు అంటించి, లెక్కగట్టి, లేవమనేవారు. ఇప్పుడు 2013 చట్టం వచ్చింది, పునరావాసం హక్కు అంది, పరిహారం పెంచింది. మంచి చట్టం. అందులో ప్రైవేటు కంపెనీకి భూమి కావాలంటే 80 శాతం మంది ఒప్పుకోవాలని ఉంది, ప్రైవేటు-ప్రభుత్వం కలిసి చేస్తే 70 శాతం. సర్కారు కంపెనీ తనకోసం తీసుకుంటే? ఆ ఒప్పుకోలు అక్కర్లేదు. పైగా బొగ్గున్న నేల కోసం 1957 నాటి ప్రత్యేక చట్టం ఒకటి ఉండనే ఉంది. ఇల్లు పోయేవాడికి పోక్లెయిన్ మీద ఎవరి బోర్డు ఉంటే ఏం? మనవడు దీనికి లాజిక్కు చెబుతాడు, ప్రజా ప్రయోజనం అంటాడు. ఆ ప్రజల్లో మన ఊరు ఉందా అంటే ఫోన్ చూసుకుంటాడు.

ప్రజాభిప్రాయ సేకరణ అనే మర్యాద కూడా మా రోజుల్లో లేదు. ఎప్పుడైనా చూశారా? షామియానా వేస్తారు. ముందు నాలుగు వరసల కుర్చీల్లో పొద్దున్నే వచ్చి కూర్చున్నవాళ్లంతా ఏదో ఒక జీతం, కాంట్రాక్టు, బిల్లు ఉన్నవాళ్లు. వెనక తాడు కట్టి పోలీసులు. తాడు అవతల, ఎండలో, ఊరు. వేదిక మీద కలెక్టరో ఆయన తరఫు అధికారో, పక్కన పొల్యూషన్ బోర్డు. ప్రాజెక్టు రిపోర్టు వందల పేజీలు ఇంగ్లీషు, మనకు దక్కేది పల్చటి తెలుగు సారాంశం. మైకు చేతికొచ్చిన ముసలామె తన బావి సంగతి మొదలుపెడుతుంది. బావి నుంచి కోడలికి, కోడలి నుంచి పాత అప్పుకు పోతుంది. "విషయానికి రా అమ్మా" అంటారు. ఆమె విషయంలోనే ఉందని వాళ్లకు తెలియదు. వీడియో తీస్తారు, చెప్పినదంతా రాసుకుంటారు, చివర్లో చదివి వినిపిస్తారు. అంతా 2006 నోటిఫికేషన్ ప్రకారమే. ఆ నోటిఫికేషన్లోనే ఇంకోటి ఉంది: ఇంతమంది రావాలన్న కోరం లేదు. ఊరంతా వద్దన్నా ఆగాలన్న నియమమూ లేదు. అభిప్రాయం సేకరిస్తారు, అంతే. చింతపండు సేకరించినట్టు, గింజ తీసేసి.

మాకు ఇవేవీ లేవు, సమ్మె ఉంది. ఒక్క షిఫ్టు మానేస్తే బాయి ఆగేది, బాయి ఆగితే బొగ్గు బండి ఆగేది, హైదరాబాదులో ఫోన్లు మోగేవి. మా చేతులు లేకపోతే వాళ్లకు గడవదు గనుక మా మాట విన్నారు. అంతకుమించిన హక్కు మాకు ఎవరూ రాసివ్వలేదు. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి నెల రోజులకు పైగా ఆగిపోతే రాష్ట్రమంతా కరెంటు కోతలు. ఆ రోజుల్లోనే ఓపెన్‌కాస్టులతో మా ఊళ్లు బొందలగడ్డలవుతున్నాయని వేదిక వేదికనా విన్నాం, చప్పట్లు కొట్టాం. రాష్ట్రం వచ్చింది. ఓపెన్‌కాస్టులు ఆగలేదు, కొత్తవి పడ్డాయి. పార్టీలు మారాయి, డంపర్ల రూటు మారలేదు. ఇల్లు పోగొట్టుకునే రైతు సమ్మె చేస్తే ఏం ఆగుతుంది? వాడి చేతులతో వాళ్లకు పని లేదు. కావాల్సింది వాడి కాళ్ల కింది నేల.

గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. విశాఖ మన్యంలో బొర్రా వైపు కాల్సైట్ గనుల మీద సమత సంస్థ కోర్టుకెళ్తే, 1997 జూలైలో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు సర్కారు భూమి సైతం లీజుకివ్వకూడదంది. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి, బాక్సైట్ తవ్వొద్దన్నాయి. కోర్టు అడగమంది, వాళ్లు చెప్పారు, ఆగింది. ఆ డోంగ్రియా కోందులకు దండం. 2019లో నల్లమలలో యురేనియం అనగానే సినిమా వాళ్లు కూడా ట్వీట్లు పెట్టారు, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానమే చేసింది. మంచిదే, పులులున్న అడవి, అందమైన అడవి. మా బొగ్గు పల్లెల్లో పులి లేదు. తుమ్మ చెట్లు, తాటి చెట్లు, మసిబట్టిన రేకుల ఇళ్లు. వీటికి ట్వీట్ రాదు. సమత తీర్పు గీసిన గీత కూడా సర్కారు కంపెనీని ఆపదు కదా. ఇల్లందు, టేకులపల్లి, మణుగూరు వైపు కోయగూడేల పక్కన పడ్డ ఓపెన్‌కాస్టులే సాక్ష్యం. 1/70 చట్టం గిరిజనుడి భూమిని షావుకారు నుంచి కాపాడుతుంది. షవల్ నుంచి కాపాడేదేది? పట్టా లేని పోడు భూమి అయితే పరిహారం దగ్గరే పేచీ. అడవితో పాటు తునికాకు కూలీ, ఇప్పపువ్వు పోతాయి. ఆడవాళ్ల చేతికి నేరుగా వచ్చే డబ్బు అదొక్కటే, దానికి ఏ కాలమ్ లేదు.

పరిహారం లెక్కగట్టే పద్ధతి చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. సర్వే వాళ్లు టేపు పట్టుకుని వస్తారు. ఇల్లు ఇన్ని చదరపు అడుగులు, రేకుల కప్పు. వేపచెట్టు ఒకటి, చుట్టుకొలత ఇంత. తాళ్లు ఇన్ని. గీసే తాడికీ గీయని తాడికీ తేడా గౌండ్లాయన మొత్తుకుంటే తప్ప రాసుకోరు. బొడ్రాయి దగ్గరికొచ్చి ఆగిపోతారు. దానికి విలువ కట్టే పట్టీ లేదు. పాతిన బొడ్రాయిని పెకిలించి కొత్త కాలనీలో పాతొచ్చా అని పూజారిని అడుగుతారు. ఆయన పంచాంగం చూస్తాడు గానీ, ఏ పంచాంగంలో ఉంటుందది? కాలనీలో రోడ్లు తిన్నగా ఉంటాయి, వరసగా ప్లాట్లు. ఊళ్లో పక్కపక్కనే ఉన్న అన్నదమ్ములకు లాటరీలో ఒకడికి ఈ మూల, ఒకడికి ఆ మూల. బర్రెను కట్టేసే జాగా ఎవరికీ లేదు. వచ్చిన డబ్బుతో ఒకాయన కారు కొంటాడు, ఇంకొకాయన కూతురి పెళ్లి చేస్తాడు, మూడేళ్లకు ఇద్దరూ కూలికి పోతారు. "డబ్బిస్తే తాగి పాడుచేసుకున్నారు" అని ఆఫీసుల్లో అనడం విన్నాను. భూమి ఉన్నన్నాళ్లు వాళ్ల తాతలు పాడుచేసుకోలేదెందుకో మరి.

డబ్బు లేక కాదు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లాకో ఖనిజ నిధి పెట్టారు. రాయల్టీ మీద కంపెనీలు అదనంగా కట్టాలి, అందులో కనీసం 60 శాతం తాగునీళ్లకు, వైద్యానికి, చదువుకు, పర్యావరణానికి ముందు ఖర్చు పెట్టాలని అప్పట్లో రాసుకున్నారు. గుంత అంచున ఉన్న పల్లెలో నీళ్ల ట్యాంకరు కోసం బిందెల వరస చూసినప్పుడల్లా ఆ 60 శాతం ఎటు పోయిందా అనుకుంటాను. ఎటో రోడ్డయ్యి ఉంటుంది. రోడ్డయితే శిలాఫలకం ఉంటుంది.

ఈ మధ్య మనవడు ఇంకో కాగితం చూపించాడు, నన్ను ఓడిద్దామని. గని మూతపడ్డాక నేలను బాగుచేయడానికి కంపెనీ ఏటేటా డబ్బు తీసి ఎస్క్రో ఖాతాలో వేయాలని 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు ఇచ్చిందట. ఓపెన్‌కాస్టయితే హెక్టారుకు 6 లక్షలు, బాయి అయితే హెక్టారుకు లక్ష, అప్పటి ధరల్లో. "చూసినవా తాతా, అన్నీ ఆలోచించిన్రు" అన్నాడు. చూశాను. ఆరింతలు! నలభై ఏళ్లుగా నేను గులుగుతున్న మాటే ఢిల్లీలో కూర్చుని ఎవరో అంకెల్లో రాసి పెట్టారు. ఓడిపోయింది ఎవరురా మరి?

మా మండలంలో ఉన్న గుంతల పేరిట ఆ ఖాతాలో ఇప్పటికి ఎంత పడింది, అందులోంచి ఎంత తీసి ఏ గుంత పూడ్చారు, సమాచార హక్కు కింద అడిగి కనుక్కోమని వాడికి పని చెప్పాను. "పది రూపాయల ఫీజు కట్టాల్నే తాతా" అన్నాడు. జేబులోంచి తీసిచ్చాను. ఇంకో ఇరవై కూడా గుంజుకున్నాడు, చాయ్‌కట.